ఉద్యోగం పోయిన నాడు: కాగితం మీది ఒక్క మాట, దాని విలువ

ఉత్తరాంధ్ర పల్లెలకూ భిలాయి ఉక్కు నగరానికీ మధ్య ఉన్న అనుబంధం ఏడు దశాబ్దాల నాటిది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు పని వెతుక్కుంటూ అక్కడికి తరలివెళ్లారు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా సాగే రైలు మార్గం వారికి సుపరిచితం. నేటికీ రుఆబాంధా వంటి సెక్టార్లలోనూ, వాటి చుట్టుపక్కల బస్తీలలోనూ తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది.

ఈ అనుబంధానికి మరొక పార్శ్వం ఉన్నది. రుఆబాంధాలో ఒక ఇంటికి వచ్చే జీతంలో కొంత భాగం ఇక్కడి పల్లెలో దుక్కికీ, విత్తనానికీ, ఎరువుకూ పెట్టుబడి అవుతుంది. ఇక్కడి బ్యాంకు వాయిదా అక్కడి జీతం మీద ఆధారపడి ఉంటుంది. కనుక అక్కడ ఒక ఉద్యోగం పోతే దాని ప్రభావం ఇక్కడి రుణగ్రహీత మీద, అతనికి సరుకు అరువిచ్చిన డీలరు మీద, అప్పిచ్చిన బ్యాంకు మీద తప్పక పడుతుంది. ఉద్యోగం కోల్పోయినవారికి చట్టరీత్యా రావలసినవి ఏవి, వాటిని ఏ క్రమంలో రాబట్టుకోవాలి, ఆలోగా ఊరిలోని అప్పును ఎలా కాపాడుకోవాలి అనే అంశాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఒక జీతం, మూడు బాకీలు

సౌలభ్యం కోసం ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. తండ్రి బొబ్బిలి సమీపంలోని ఒక గ్రామంలో సన్నకారు రైతు. ఆయనకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద లక్ష రూపాయల పంట రుణం, మోటారు పంపుసెట్టు కోసం తీసుకున్న ఒక టర్మ్ లోను, ఎరువుల దుకాణంలో కొంత ఖాతా బాకీ ఉన్నాయి. కుమారుడు రుఆబాంధాలో కాపురముంటూ భిలాయి పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఇంజనీరింగు కర్మాగారంలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. నెల జీతం 15,000 రూపాయలు. అందులో నుండి ప్రతి నెలా ఇంటికి కొంత పంపుతాడు. ఆర్డర్లు తగ్గిపోయాయని ఒకనాడు యాజమాన్యం కొందరిని ఇంటికి పంపివేసింది. వారిలో ఇతడూ ఉన్నాడు.

సాధారణంగా ఇటువంటి సందర్భంలో జరిగేది ఏమిటి? నాన్నకు చెబితే దిగులు పడతాడని కొడుకు విషయం దాచిపెడతాడు. చేతిలో ఉన్నది ఖర్చయ్యేదాకా వేరే పని కోసం తిరుగుతాడు. రెండు మూడు నెలలు డబ్బు రాకపోయేసరికి తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి వాయిదా కడతాడు. అది చాలక డీలరు వద్ద బాకీ పెరుగుతుంది. అసలు నష్టం ఉద్యోగం పోవడంతో ఆగక, ఈ మౌనం వల్ల రెట్టింపవుతుంది.

రాజీనామా అనే ఒక్క మాట

మన దేశంలో ఉద్యోగం పోయిన ప్రతివారికీ నెలనెలా భృతి ఇచ్చే సార్వజనిక పథకం లేదు. బ్రిటన్‌లో 1911లోనే చట్టం ద్వారా నిరుద్యోగ బీమా ప్రవేశపెట్టారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో ఆమోదించిన 102వ ఒడంబడిక సామాజిక భద్రతకు చెందిన తొమ్మిది శాఖలలో నిరుద్యోగ భృతిని ఒకటిగా పేర్కొన్నది. మన వద్ద ఆ రక్షణ ఒకే చోట కాక అనేక చట్టాలలో చెదరి ఉన్నది. ఒక్కొక్క చట్టం వేసే మొదటి ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే: ఉద్యోగం ఎందుకు పోయింది?

దీనికి సమాధానం కార్మికుడి నోటి మాటలో కాక యాజమాన్యం ఇచ్చే కాగితంలో ఉంటుంది. తొలగించే సమయంలో "ఇక్కడ సంతకం పెట్టు, లెక్క తొందరగా తేలిపోతుంది" అని ఒక కాగితం ముందుంచడం పలుచోట్ల వాడుక. హిందీలోనో ఇంగ్లీషులోనో రాసి ఉన్న ఆ కాగితం చాలాసార్లు రాజీనామా పత్రమే అయి ఉంటుంది. ఆ భాష చదవలేని కార్మికుడు అది డబ్బు ముట్టినట్లు రసీదు అనుకొని సంతకం చేస్తాడు. ఆ క్షణం నుండి చట్టం దృష్టిలో అతడు తొలగింపబడిన కార్మికుడు కాడు, తనంతట తాను పని మానుకున్న వ్యక్తి.

ఈ తేడా విలువ ఎంతో మన ఉదాహరణలో లెక్క వేద్దాం. పని తగ్గినందువల్ల జరిగిన తొలగింపును చట్టపరిభాషలో రిట్రెంచ్‌మెంట్ అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికుడిని ఈ విధంగా తొలగించాలంటే ఒక నెల ముందు నోటీసు గాని, నోటీసు బదులు ఒక నెల జీతం గాని ఇవ్వాలి. దానికి తోడు సర్వీసు చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల నియమావళి, 2020 కూడా ఈ రెండు హక్కులనూ కొనసాగించింది. ఎనిమిదేళ్లకు పరిహారం 7,500 రూపాయల చొప్పున 60,000 రూపాయలు, నోటీసు జీతం 15,000 రూపాయలు. రాబోయే పేరాలో వివరించే ఇ.ఎస్.ఐ. భృతి ఆరు నెలలకు సుమారు 45,000 రూపాయలు. మొత్తం 1,20,000 రూపాయలు. రాజీనామా మీద ఒక్క సంతకం చేస్తే ఈ మొత్తం చేజారిపోతుంది. తండ్రి తీసుకున్న పంట రుణం కంటె అది పెద్ద మొత్తమన్నది గమనార్హం.

కనుక చదవని కాగితం మీద సంతకం చేయరాదు. చదవలేకపోతే చదవగలిగిన వారికి చూపించేదాకా గడువు అడగాలి. తొలగింపు ఉత్తర్వును కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వమని కోరాలి. ఇవ్వకపోతే ఆ కోరికనే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు భద్రపరచుకోవాలి.

ఇ.ఎస్.ఐ. ద్వారా లభించే రెండు భృతులు

నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉండి, ఇ.ఎస్.ఐ. వర్తించే సంస్థలో పనిచేసే కార్మికుడు తన వేతనంలో 0.75 శాతం, యాజమాన్యం 3.25 శాతం చందా చెల్లిస్తారు. ఈ రేట్లు 2019 జులై 1 నుండి అమలులో ఉన్నాయి. ఇ.ఎస్.ఐ. అంటే ఆసుపత్రి మందులే అనుకునేవారు ఎక్కువ. అందులో నిరుద్యోగ భృతి కూడా ఉన్నదని తెలిసినవారు తక్కువ.

మొదటిది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. 2005 ఏప్రిల్ 1న ప్రారంభమైన ఈ పథకం కర్మాగారం మూతపడడం వల్ల గాని, రిట్రెంచ్‌మెంట్ వల్ల గాని ఉద్యోగం కోల్పోయినవారికి వర్తిస్తుంది. ఉద్యోగంతో సంబంధం లేని ప్రమాదం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత అంగవైకల్యం కలిగి పని పోయినవారికీ వర్తిస్తుంది. ఆరంభంలో ఆరు నెలలకే పరిమితమైన భృతిని క్రమంగా 24 నెలలకు పెంచారు. మొదటి 12 నెలలు సగటు దినవేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. నిర్ణీత కాలం చందా కట్టి ఉండాలి. మన ఉదాహరణలోని యువకుడికి ఎనిమిదేళ్ల చందా ఉన్నది గనుక నెలకు సుమారు 7,500 రూపాయలు వస్తాయి. భృతి పొందే కాలంలో అతనికీ కుటుంబానికీ ఇ.ఎస్.ఐ. వైద్యం కూడా కొనసాగుతుంది. ఇంటిలో గర్భిణి గాని, దీర్ఘరోగి గాని ఉన్నవారికి ఈ వైద్యం భృతి కంటె తక్కువది కాదు.

రెండవది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న దీనిని ప్రారంభించినప్పుడు సగటు దినవేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కరోనా కాలంలో, 2020 మార్చి 24 నుండి, దానిని 50 శాతానికి పెంచారు. ఉద్యోగం పోయిన తరువాత వేచియుండవలసిన కాలాన్ని 90 రోజుల నుండి 30 రోజులకు తగ్గించారు. భృతి గరిష్ఠంగా 90 రోజులకు, జీవితకాలంలో ఒక్కసారి మాత్రమే లభిస్తుంది. దీనికి కనీసం రెండేళ్లు బీమా గల ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం పోవడానికి వెనువెంటనే ముందున్న చందా కాలంలో 78 రోజులు, ఆ రెండేళ్లలోని మిగిలిన మూడు చందా కాలాలలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా జమ అయి ఉండాలి. 15,000 రూపాయల జీతగాడికి 50 శాతం రేటున ఇది సుమారు 22,500 రూపాయలు. దుష్ప్రవర్తన కారణంగా తొలగించినవారికి, పదవీ విరమణ, స్వచ్ఛంద విరమణ చేసినవారికి ఇది వర్తించదు. ఈ పథకాన్ని నిర్ణీత గడువులతో పొడిగిస్తూ వస్తున్నారు గనుక దరఖాస్తుకు ముందు ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయంలో గడువు నిర్ధారించుకోవాలి.

రెండు పథకాలనూ ఒకే కాలానికి పొందడం కుదరదు. రిట్రెంచ్‌మెంట్ కాగితం చేతిలో ఉన్నవారికి మొదటిదే లాభదాయకం. అటువంటి కాగితం లేనివారికి రెండవది ఆసరా. రెండింటిలోనూ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఖాతా వాడుకలో ఉన్నదీ లేనిదీ, ఆధార్‌లోని పేరూ ఇ.ఎస్.ఐ. రికార్డులోని పేరూ ఒకటిగా ఉన్నవీ లేనివీ ముందే చూసుకోవాలి. తెలుగు ఇంటిపేర్లు హిందీ ప్రాంతపు రికార్డులలో రకరకాలుగా నమోదు కావడం సర్వసాధారణం. ఉద్యోగంలో ఉన్నప్పుడే దీనిని సరిచేయించుకోవడం తేలిక.

గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు

ఉద్యోగం ఏ కారణంగా పోయినా, రాజీనామా చేసినా కూడా వచ్చేవి రెండున్నాయి. ఒకటి గ్రాట్యుటీ. అయిదేళ్లు నిరంతర సర్వీసు ఉన్నవారికి చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చిస్తే గ్రాట్యుటీ వస్తుంది. మన ఉదాహరణలో 15,000ను 26తో భాగించి, 15తోనూ 8తోనూ హెచ్చిస్తే 69,231 రూపాయలు. దీనిని 30 రోజులలో చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. సామాజిక భద్రతా నియమావళి, 2020 అమలులోకి వచ్చిన తరువాత నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవారికి ఏడాది సర్వీసుతోనే దామాషా ప్రకారం గ్రాట్యుటీ హక్కు కలిగింది.

రెండవది ప్రావిడెంట్ ఫండు. 2018 డిసెంబరులో తెచ్చిన సవరణ ప్రకారం ఒక నెల నిరుద్యోగం తరువాత 75 శాతం, రెండు నెలల తరువాత మిగిలినది తీసుకొనే వీలు కల్పించారు. 2025 అక్టోబరు 13న ఫండు కేంద్ర ధర్మకర్తల మండలి ఈ నిబంధనలను మార్చడానికి నిర్ణయించింది. దాని ప్రకారం 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం పన్నెండు నెలల తరువాత. దరఖాస్తు పెట్టేనాటి నిబంధనను రాయపూర్‌లోని ప్రాంతీయ కార్యాలయంలో విచారించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫండుతో పాటు పింఛను మొత్తాన్ని కూడా తీసివేసుకోవాలన్న తొందర తగదు. 1995 నాటి పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు నిండితే 58వ ఏట నుండి నెలనెలా పింఛను వస్తుంది. ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న మన యువకుడు సొమ్ము తీసివేసుకుంటే ఆ ఎనిమిదేళ్లూ కొట్టుకుపోతాయి. దానికి బదులు స్కీము సర్టిఫికెట్ తీసుకుంటే రేపు మరొక చోట చేసే రెండేళ్లు దానికి కలుస్తాయి.

కాంట్రాక్టు కార్మికుల సంగతి

ఉక్కు కర్మాగారంలో కాలక్రమేణా పర్మనెంటు ఉద్యోగులు తగ్గి, కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. కాంట్రాక్టు కార్మిక విధానాన్ని ప్రభుత్వం రద్దు చేసినంత మాత్రాన ఆ కార్మికులు తమంత తామే అసలు సంస్థ ఉద్యోగులు కాజాలరని 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీకి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినప్పటికీ వారు నిస్సహాయులు కారు. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే దానిని చెల్లించే బాధ్యత ప్రధాన యజమానిదే. 1970 నాటి చట్టంలో ఉన్న ఈ సూత్రం కొత్త నియమావళిలోనూ ఉన్నది. ప్రావిడెంట్ ఫండు చందా జమ కాకపోయినా ప్రధాన యజమాని బాధ్యత నుండి తప్పించుకోలేడు.

కాంట్రాక్టు గడువు ముగిసి పని పోవడం అన్ని సందర్భాలలోనూ రిట్రెంచ్‌మెంట్ కాదు. అటువంటివారికి ఇ.ఎస్.ఐ. రెండవ పథకమే ప్రధానమైన దారి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కొత్త బీమా సంఖ్య, కొత్త పి.ఎఫ్. ఖాతా తెరిస్తే సర్వీసు ముక్కలైపోయి అర్హత దెబ్బతింటుంది. పాత సంఖ్యలనే కొనసాగించమని పట్టుబట్టాలి. గేటు పాసు, హాజరు కార్డు, జీతం చీటీ వీటి నకళ్లు ఇంటి వద్ద ఉండాలి. పని పోయిన మరునాడు గేటు పాసు వెనక్కి తీసుకుంటారు. అప్పుడు రుజువు కోసం వెతికితే లాభం లేదు.

వివాదం తలెత్తితే కార్మిక శాఖ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. దానికి కాలపరిమితి ఉన్నది గనుక జాప్యం కూడదు. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేమన్న బెంగ అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం పారిశ్రామిక కార్మికుడిని ఉచిత న్యాయ సహాయానికి అర్హుడిగా ప్రత్యేకంగా పేర్కొన్నది.

డీలర్లకు ఒక మాట

పల్లెలో ఒక ఇంటికి బయటి నుండి వచ్చే డబ్బు ఆగిపోయిందని మొదట గ్రహించేది ఎరువుల, విత్తనాల డీలరే. ఆ సమయంలో "మీ అబ్బాయి పి.ఎఫ్. డబ్బు రాగానే నాకే ఇవ్వాలి" అని కాగితం రాయించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, ఇ.ఎస్.ఐ. భృతి కోర్టు డిక్రీ మీద కూడా జప్తుకు లొంగవు. చట్టం వాటికి ఆ రక్షణ కల్పించింది. అటువంటి కాగితం డీలరుకు ఆసరా కాదు, రైతుకు గౌరవం కాదు. బాకీని రెండు పంటలకు విభజించి, వాయిదాలు రాసుకొని, వచ్చే సీజనుకు అవసరమైనంత మేరకే సరుకు ఇవ్వడం ఇరువురికీ క్షేమం. ఆ రైతును బ్యాంకుకు వెళ్లి మాట్లాడమని ప్రోత్సహించడం అంతకంటె మేలు.

బ్యాంకుకు ముందే చెప్పాలి

స్వల్పకాలిక పంట రుణం సకాలంలో తీర్చిన రైతుకు మూడు లక్షల రూపాయల పరిమితి వరకు 7 శాతం వడ్డీలో 3 శాతం రాయితీ లభించి, భారం 4 శాతానికి తగ్గుతుంది. లక్ష రూపాయలకు ఏడాదికి ఇది 3,000 రూపాయల లాభం. గడువు దాటితే ఆ లాభం పోతుంది. ఇక నూటికి మూడు రూపాయల చేబదులు తెస్తే అదే లక్షకు ఏడాదికి వడ్డీ 36,000 రూపాయలు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్న రైతు తొందరపడి చేబదులుకు వెళ్లడు.

టర్మ్ లోను వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా వర్గీకరణ అవుతుంది. పంట రుణాలకు ఈ గడువును పంట కాలాల లెక్కన చూస్తారు. ఖాతా ఆ వర్గంలోకి వెళ్లకముందు బ్యాంకు చేయగలిగిన సహాయం, వెళ్లిన తరువాత చేయగలిగినదాని కంటె ఎక్కువ. కనుక కుమారుడి ఉద్యోగం పోయిందని తెలిసిన వెంటనే, వాయిదా తేదీకి ముందే, తొలగింపు కాగితం నకలుతో శాఖకు వచ్చి దరఖాస్తు ఇవ్వాలి. పొలం ఆదాయాన్ని బట్టి వాయిదాల కాలాన్ని సవరించే అవకాశాన్ని శాఖ పరిశీలిస్తుంది. సవరణ దానంతట అది రాదు, ప్రతి ఖాతాకూ లభించదు. అడగనివారికి మాత్రం అసలే లభించదు.

ఫండు, గ్రాట్యుటీ సొమ్ము చేతికి వచ్చినప్పుడు ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకోవాలి. తరువాత అధిక వడ్డీ బాకీలు, ఆ తరువాత గడువు దగ్గరపడిన పంట రుణం తీర్చాలి. తక్కువ వడ్డీ గల దీర్ఘకాలిక రుణాన్ని ఒక్కసారిగా తీర్చివేసి, మరునెల బియ్యానికి అప్పుచేయడం వివేకం కాదు.

ఊరికి తిరిగివచ్చినవారికి

కొందరు రుఆబాంధాలో అద్దె భారమై సొంత ఊరు చేరుతారు. ఊరు మారినంత మాత్రాన ఇ.ఎస్.ఐ. హక్కు గాని, ఫండు హక్కు గాని పోదు. గ్రామంలో ఉపాధి హామీ పని కోరేవారు దరఖాస్తు ఇచ్చి తేదీ వేసిన రసీదు తప్పక తీసుకోవాలి. 2005 నాటి చట్టం 15 రోజులలో పని చూపకపోతే మొదటి 30 రోజులకు వేతనంలో నాలుగవ వంతు, ఆపైన సగం నిరుద్యోగ భృతిగా నిర్దేశించింది. దాని స్థానంలో 125 రోజుల పని హామీతో కొత్త చట్టాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. ఏ చట్టమైనా దరఖాస్తు తేదీకి రుజువు ఆ రసీదే.

మొదటి పది రోజులలో చేయవలసినవి

1. కారణం తెలిపే తొలగింపు ఉత్తర్వు రాతపూర్వకంగా కోరాలి. చదవని కాగితం మీద సంతకం చేయరాదు.
2. జీతం చీటీలు, హాజరు కార్డు, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. సంఖ్యల నకళ్లు ఒక సంచిలో భద్రపరచాలి.
3. పి.ఎఫ్. రికార్డులో యాజమాన్యం నమోదు చేసిన చివరి పని దినం, కారణం సరిచూడాలి.
4. ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయంలో ఏ పథకం వర్తిస్తుందో విచారించాలి.
5. గ్రాట్యుటీ దరఖాస్తు యాజమాన్యానికి ఇచ్చి రసీదు పొందాలి.
6. ఊరిలోని తల్లిదండ్రులకు నిజం చెప్పాలి. వారు బ్యాంకుకూ డీలరుకూ చెప్పాలి.

వీటన్నింటిలో చివరిది కష్టమైనదిగా కనిపిస్తుంది గాని, దానికి కాణీ ఖర్చు లేదు. ఉద్యోగం పోవడం కార్మికుడి తప్పు కాదు, తలవంచుకోవలసిన విషయమూ కాదు. అతడు నెలనెలా కట్టిన చందాకు ప్రతిఫలంగా వచ్చే భృతిని అడిగి తీసుకోవడం యాచన అనిపించుకోదు. తమ పిల్లలు భిలాయిలోనో, మరే పారిశ్రామిక నగరంలోనో పనిచేస్తున్న రుణగ్రహీతలు ఈ సంచికను దాచి, పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారి చేత చదివించవలసిందిగా మనవి. కాగితం ముందు కూర్చొని కలం తీసే నాటికి అందులోని మాట ఏమిటో, దాని విలువ ఎంతో వారికి తెలిసి ఉండాలి.